మూట, మోత, మోసేవాడు

సుఖదుఃఖాలు కావడి కుండలని మన పెద్దలు సెలవిచ్చారు. ఈ మాటను వేదాంతార్థంలో ఉదాహరించేవారు అనేకులు గాని, అందులోని కావడిని గురించి ఆలోచించేవారు అరుదు. ఒక కుండ బరువై రెండవది తేలికైతే కావడి సాగదు. తేలికైన వైపున ఒక రాయి వేసియైనా సరిచేసుకొనవలసిందే. మోత సుగమం కావడానికి మరికొంత బరువు ఎత్తుకొనడం చూచేవారికి వింతగా కనిపించవచ్చును. మోసిన భుజానికి మాత్రం అందులోని న్యాయం తెలుసు. ఈ వ్యాసంలో నేను మనవి చేయదలచినదంతా ఆ భుజానికి తెలిసినదానిని గురించియే.

మాది పెదపారుపూడి. కృష్ణా డెల్టాలో గుడివాడ పరిసరమంతా అరచేయి వలె చదునైన నేల. చేను, కాలువ, కాలువగట్టు, గట్టుమీద తాడిచెట్లు, వాటికి ఆవల మళ్ళీ చేను. కొండ అనేదానిని కంటితో చూడవలెనంటే బెజవాడ దాకా పోవలసిందే. అందువల్లనే కాబోలు, మా ప్రాంతపు యువకులకు కొండలన్నా అడవులన్నా తగని మక్కువ. సెలవులు వస్తే చాలు, కొండపల్లి అనీ, పాపికొండలనీ, అరకు అనీ బయలుదేరుతున్నారు. సాహసికులైనవారు హిమాలయాల వైపు చూస్తున్నారు. ఇది సంతోషించదగిన పరిణామమే. కాళ్ళతో నడచి చూచిన దేశమే మనిషికి తనదవుతుంది.

బయలుదేరే ముందు వారిని వేధించే ప్రశ్న ఒకటున్నది. సామాను దేనిలో పెట్టుకొనడం, ఎట్లా మోయడం? రక్‌సాకు అనబడే వీపుసంచి కొనాలా, భుజాన వేలాడే సంచి చాలునా? నలభై లీటర్లదా, అరవై లీటర్లదా? సామానును జీపులో ముందుగా పంపవచ్చునా, కూలీని పెట్టుకొనవచ్చునా? ఈ ప్రశ్నలకు సమాధానం అంగడివాడు చెబుతున్నాడు. సంచులు అమ్మేవాడు సంచి కొనమనక మరేమంటాడు? ఇది చర్చించదగినంత పెద్ద విషయం కాదని నేనూ చాలాకాలం అనుకొన్నాను. మా కళాశాలలో జరిగిన ఒక సంగతి నా అభిప్రాయాన్ని మార్చివేసింది. అందులో దోషం నాదే గనుక దాపరికం లేకుండా చెబుతాను.

కొన్నేళ్ళ కిందట మా విద్యార్థులను కొండపల్లికి తీసుకొనిపోవాలని సంకల్పించాము. పద్నాలుగవ శతాబ్ది నాటి కోట చూడడం, కొండదారుల్లో నడవడం, దిగువన రెండు రాత్రులు బసచేయడం కార్యక్రమం. ఎవరెవరు ఏమేమి తెచ్చుకోవాలో ఒక జాబితా వ్రాసి నోటీసు బోర్డుకు అంటించాము. అందులో మొదటి పంక్తి, “నడుముపట్టీ గల యాభై లీటర్ల రక్‌సాకు.” జాబితా కింద సంతకం నాది. ఆ పంక్తి నేను యోచించి వ్రాసినది కాదు. ఎక్కడో చూచినదానిని ఎత్తి వ్రాసినది.

పేర్లు ఇచ్చినవారిలో ముగ్గురు తరువాత వెనుకకు తగ్గారు. వారిలో ఒకడు పద్యం చదివితే తరగతి అంతా నిశ్శబ్దమయ్యే పిల్లవాడు. ఎందుకు రావడం లేదని అడిగాను. “ఇంటికాడ వరికోతలున్నాయండీ” అన్నాడు. అది మాఘమాసం. కోతలు ముగిసి, చేలల్లో మినుము పూతమీద ఉన్నది. పల్లెటూరివాణ్ణి అయి ఉండి కూడా, మాఘంలో వరికోతలేమిటిరా అని నేను అడగలేదు. అడగవలసినప్పుడు అడగకపోవడం కూడా ఒక విధమైన అబద్ధమేనని ఇప్పుడు అనుకొంటున్నాను.

ప్రయాణం ముగిసి వచ్చిన తరువాత అతని స్నేహితుడు అసలు సంగతి చెప్పాడు. ఆ సంచి ఖరీదు ఆ పిల్లవాని తండ్రికి వారం రోజుల కూలి. ఆ తండ్రి చేసే పని ఏమిటి? రైసుమిల్లు ముఠాలో బస్తాలు మోయడం. బరువులు మోసి బ్రతికే ఇంటి పిల్లవాణ్ణి, మోయడానికి సంచి లేదన్న నెపంతో మేము కొండ ఎక్కనీయలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు.

అప్పటినుండి ఈ మోత అనేదానిని గురించి చదవడం, అడిగి తెలుసుకొనడం ప్రారంభించాను. మనవారికి ఈ విద్య కొత్తది కాదు. నీళ్ళకు కావడి, గడ్డికి తలమోపు, ధాన్యానికి బస్తా, భిక్షకు జోలె, శబరిమలకు ఇరుముడి. ఇన్ని పేర్లు ఊరికే పుట్టలేదు. దారి ఎటువంటిది, మోసే వస్తువు ఎటువంటిది, మోసే మనిషి ఎటువంటివాడు అన్న మూడు ప్రశ్నలకు వచ్చిన వేరువేరు సమాధానాలే ఈ పేర్లు.

కావడి సంగతి చూడండి. చదునైన గట్టుమీద దూరం నడవడానికి దానికి సాటి లేదు. వెదురుబద్ద అడుగడుగుకూ ఊగుతుంది. అట్లా ఊగే బద్దతో మోసేవారిని 1991లో పరీక్షించి చూడగా, మొత్తం శ్రమ తగ్గకపోయినా భుజంమీద పడే తాకిడి తగ్గుతుందని తేలింది. కాని ఆ కావడినే పొదల మధ్య ఇరుకుదారిలోకి తీసుకొనిపోతే అడుగడుగునా కొమ్మకు తగులుతుంది. మలుపు తిరగడమే గండమవుతుంది.

తలమోత మరొక విద్య. నెత్తిన చుట్టకుదురు పెట్టి, దానిమీద బిందె నిలిపి, చేయి పట్టకుండా నడచివచ్చే స్త్రీలను చూడని తెలుగువాడు ఉండడు. కెన్యా దేశపు లువో స్త్రీలు తమ శరీరపు బరువులో అయిదవ వంతు దాకా తలమీద మోసినా అదనపు శ్రమ లేకుండానే నడవగలరని 1986లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అయితే అది చిన్ననాటినుండి అలవడిన నడక. పుస్తకాలు తప్ప మరేమీ మోయని మెడకు అది ఒక్కరోజులో రాదు. పైగా కొండ దిగేటప్పుడు తలమీద బరువున్నవాడు తల వంచి తన పాదం ఎక్కడ పడుతున్నదో చూచుకోలేడు.

ఇరుముడిలో నాకు నచ్చిన గుణం వేరొకటి. ముందుముడి స్వామిది, వెనుకముడి తనది. తనకు కావలసిన ఆహారమంతా ఆ సగంలోనే ఇమడాలి. వెనుకముడి ఇంతే అని ముందుగా నిర్ణయమైన తరువాతనే అందులో ఏమి పెట్టాలో యాత్రికుడు ఆలోచిస్తాడు. నేటి ప్రయాణికులు ముందుగా పెద్ద సంచి కొని, అందులో ఖాళీ ఉన్నదని సామాను నింపుతున్నారు. సంచి పెద్దదైతే అవసరాలూ పెద్దవవుతాయి. కొండమీద సగం దారిలో మాత్రం అవి ఒక్కొక్కటే అనవసరాలుగా తేలుతాయి.

ఇంత చెప్పినందుకు నేను వీపుసంచికి విరోధినని పాఠకులు భావించవద్దు. కొండదారికి అదే తగినది. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, పాదం కనిపిస్తుంది, బరువు శరీరాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన డిక్ కెల్టీ అనే ఆయన 1952లో అల్యూమినియం చట్రమూ నడుముపట్టీ గల సంచులను తయారుచేసి అమ్మనారంభించాడు. నడుముపట్టీ అలంకారం కాదు. దానిని బిగించుకొన్నప్పుడు బరువులో అధికభాగం భుజాల కండలనుండి తుంటి ఎముకమీదికి దిగుతుంది. కండ అలసిపోతుంది, ఎముక అంత త్వరగా అలసిపోదు. ఇందులోని సూత్రం గొప్పది. కాని ఆ సూత్రం విదేశపు బట్టలోనే ఉంటుందనీ, ఇన్ని వేలు పోస్తేనే దొరుకుతుందనీ అనుకొనడం పొరపాటు.

ఆ మరుసటి ఏడు మళ్ళీ కొండపల్లి ప్రయాణం పెట్టాము. ఈసారి జాబితాలో సంచి పేరు లేదు. దానికి బదులు మూడు మాటలు వ్రాశాను. ఒకటి, ఎవరి మూట బరువైనా వారి శరీరపు బరువులో అయిదవ వంతుకు మించకూడదు. రెండు, ఎవరి మూట వారే మోయాలి, ఉపాధ్యాయులకు మినహాయింపు లేదు. మూడు, దేనిలో మోయాలన్నది మోసేవారి ఇష్టం. యాభై అయిదు కిలోల పిల్లవానికి పదకొండు కిలోలు. అందులో నీళ్ళే మూడు లీటర్లు, అంటే మూడు కిలోలు. మన ఎండలో వాటిని తగ్గించడానికి వీలులేదు. మిగిలినది ఎనిమిది. దుప్పటి, బట్టలు, వంటసామాను, బియ్యం అన్నీ ఆ ఎనిమిదిలో సర్దుకోవాలి. కళాశాలలో ఒక కాటా వ్రేలాడదీసి బయలుదేరే ముందురోజు అందరి మూటలూ తూచాము. మొట్టమొదట సామాను తీసివేయవలసి వచ్చినవాడు ఈ వ్యాసకర్తయే.

ఆ పిల్లవాడు ఈసారి వచ్చాడు. అతని వీపున గోనెసంచి. పాత పంచెను నాలుగు మడతలు పెట్టి, అరచేయంత వెడల్పున భుజాలకు పట్టీలు కుట్టారు. నడుముకు కట్టుకొనడానికి తుండుగుడ్డ. కుట్టినది తల్లి, ఎట్లా కుట్టాలో చెప్పినది తండ్రి. ఆ తండ్రి కొడుకును రైలెక్కించడానికి గుడివాడ స్టేషనుకు వచ్చాడు. నేను వీపుకు తగిలించుకొన్న కొత్త రక్‌సాకు వంక కాసేపు చూచి, మొగమాటంగా దగ్గరకు వచ్చాడు.

“మేస్టారూ, ఏమీ అనుకోమాకండి. మీ బరువు వీపుకి దూరంగా పోయిందండీ. ఇట్టా అయితే మిమ్మల్ని ఎనక్కి లాగుద్ది.”

“మరెట్లా పెట్టాలంటావు?” అన్నాను.

ఆయన నా సంచిని ఒంటిచేత్తో దింపి, ప్లాట్‌ఫారం బల్లమీద విప్పాడు. దుప్పటి అడుగుకు పోయింది. బియ్యం, గిన్నెలు వీపును ఆనుకొనేటట్లు నడిమి భాగానికి వచ్చాయి. బట్టలు వెలుపలి వైపున సర్దుకొన్నాయి. నీళ్ళసీసాలు చెరొక పక్కన ఒకే బరువున నిలిచాయి. “బరువు ఒంటికి అంటుకోవాలండి. ఎడంగా ఉంటే పది కేజీలు ఇరవై అయ్యుద్ది” అన్నాడు. ఆ సంచితో వచ్చిన చిన్న పుస్తకంలో బొమ్మలతో చెప్పినది కూడా ఇదే. నేను ఆ పుస్తకం విప్పి చూడలేదు. ఆయనకు దానితో అవసరం లేదు.

నిజం చెప్పాలి గనుక చెబుతున్నాను. ఆ గోనెసంచి సర్వోత్తమమైనదని నేను అనను. మొదటి రాత్రి మంచుకు తడిసి బరువెక్కింది. రెండవనాటికి గోనెపీచు వీపున ఒరుసుకొని ఆ పిల్లవాడు లోపల తువ్వాలు మడచి పెట్టుకోవలసి వచ్చింది. మంచి రక్‌సాకు ఉంటే ఆ బాధ లేకపోయేది. కాని ఆ బాధకు భయపడి అతడు ఇంటివద్ద ఉండిపోలేదు. కోట బురుజు మీద నిలిచి, దూరాన వెలుగుతున్న కృష్ణను చూచి, అతడు గొంతెత్తి పద్యం చదివినప్పుడు ముందటి ఏడు మేము పోగొట్టుకొన్నది ఏమిటో నాకు అర్థమయింది.

ఈ విషయానికి మరొక ముఖమున్నది. మన సామాను ఇతరులు మోయడం. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నంనుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్ర మన యాత్రాసాహిత్యానికి తలమానికం. ఆయన వెంట సుమారు నూరుమంది పరివారం ఉన్నారు. పల్లకి మోసేవారూ, డేరాలు మోసేవారూ అందులోనివారే. రైలు లేని ఆ కాలంలో అంతటి యాత్ర అట్లా తప్ప సాగదు. ఆయనను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఒక్కరి యాత్రకు ఎందరి భుజాలు కావలసివచ్చాయో గమనించమనడమే నా ప్రార్థన.

1953లో ఎవరెస్టు శిఖరంమీద అడుగుపెట్టిన టెన్సింగ్, హిల్లరీల పేర్లు లోకమంతా ఎరుగును. ఆ దండయాత్రకు సామాను మోసినవారు మూడువందల అరవైమందికి పైచిలుకు. వారి పేర్లు ఎవరికి తెలుసు? నేపాళపు కూలీలు నుదుటికి పట్టీ తగిలించి, వెనుక బుట్టలో బరువు మోస్తారు. 2005లో శాస్త్రజ్ఞులు ఎవరెస్టు దారిలో వారిని ఆపి తూచి చూడగా, పురుషులు సగటున తమ శరీరపు బరువులో నూటికి తొంభైమూడు పాళ్ళు మోస్తున్నట్లు తేలింది. స్త్రీలు అరవై ఆరు పాళ్ళు. మా విద్యార్థులకు మేము పెట్టిన హద్దు ఇరవై పాళ్ళు.

అంత దూరం పోనక్కరలేదు. వయోజనుడైన పురుష కార్మికుడు మోయవలసిన గరిష్ఠ భారం 55 కిలోలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మా ప్రాంతంలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. నా సంచిని ప్లాట్‌ఫారం మీద సరిదిద్దిన ఆ చేతులు ప్రతిదినం ఎత్తుతున్నది అది. ఆ బస్తా ఎంత ఉండాలో నిర్ణయించినవాడు దానిని ఒక్కనాడైనా వీపుకు ఎత్తుకొని చూచి ఉంటాడా? కూలికి మోయడంలో అవమానం లేదు, మోయించుకొనడంలో పాపమూ లేదు. ఎంత మోయాలో, దేనితో మోయాలో మోయనివాడు నిర్ణయించడంలోనే అన్యాయమున్నది. నోటీసు బోర్డుమీద నేను చేసినది చిన్నదే గాని, అదీ ఈ జాతికి చెందినదే.

నా వాదానికి మిత్రులు రెండు ఆక్షేపణలు చెప్పారు. ఈ రోజుల్లో జీపు ఉండగా మోతల గొడవ ఎందుకు, సామానంతా ముందుగా బసకు పంపి చేతులూపుకుంటూ నడవవచ్చును గదా అన్నది మొదటిది. వృద్ధులకూ, అనారోగ్యవంతులకూ అది తగిన ఏర్పాటే. తిరుమల కొండకు కాలినడకన పోయేవారి సామానును దేవస్థానంవారు ఉచితంగా పైకి చేరుస్తున్నారు, అది పుణ్యకార్యం. కాని యువకులు అడవికి పోయేది నడక కోసం మాత్రమే కాదు. తనకు బ్రతకడానికి నిజంగా ఎంత కావాలో తెలుసుకొనడానికి కూడా. ఆ లెక్క తన వీపుమీదనే తేలుతుంది. జీపులో తేలదు.

రెండవ ఆక్షేపణ ఇంతకన్న గట్టిది. ఎవరి ఇష్టం వచ్చిన సంచి వారు తెచ్చుకోమంటే, బీదపిల్లలు నాసిరకపు సంచులతో వీపు ఒరుసుకొనిపోతారు, కలవారి పిల్లలు హాయిగా నడుస్తారు, ఇది సమత్వమా అని. ఈ మాటలో సత్యమున్నది. దీనికి సమాధానం బీదపిల్లవానిచేత సంచి కొనిపించడం మాత్రం కాదు. నిజామాబాదు జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు నిండలేదు. వారిద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. భువనగిరి బండమీద శిక్షణ మొదలుకొని శిఖరారోహణం దాకా గురుకులాల సంస్థ వెనుక నిలిచింది. సామగ్రి కొనుక్కొని రమ్మని ఉంటే ఆ పిల్లలు ఊరు దాటేవారు కారు.

కనుక నా ప్రతిపాదన ఇది. ప్రతి కళాశాలలోనూ గ్రంథాలయం ఉన్నట్లే, పది పదిహేను మంచి వీపుసంచులు, నాలుగు డేరాలు, ఒక కాటా ఉండాలి. పుస్తకం ఎరువిచ్చినట్లే సంచి ఎరువివ్వాలి. పెద్ద నిఘంటువును ప్రతి విద్యార్థీ కొనుక్కొని రావాలని మనం శాసించడం లేదు గదా! అడగడానికి సిగ్గుపడేవారు ఉంటారు గనుక, కలవారూ లేనివారూ అందరూ ఆ సంచులే తీసుకొనడం ఆచారం చేయాలి. ఇంటినుండి తెచ్చుకొన్న గోనెసంచితోనే నడుస్తానన్నవాణ్ణి నడవనివ్వాలి. జాబితా వ్రాసే ఉపాధ్యాయుడు తాను వ్రాసినదంతా ముందుగా తన వీపున వేసుకొని, ఎండలో రెండు మైళ్ళు నడచి చూచిన తరువాతనే సంతకం చేయాలి.

మా కళాశాలలో ఇప్పటికి ఆరు సంచులు సమకూడాయి. కాటా మాత్రం ఆనాటిదే. ప్రతి ఏడూ బయలుదేరే ముందు ఆ ముఠా కార్మికుణ్ణి పిలిపించి, మూట ఎట్లా కట్టాలో విద్యార్థులకు చెప్పిస్తున్నాము. మొదటిసారి ఆయన తరగతిగది గుమ్మంవద్దనే నిలిచిపోయి, “నాకేం తెలుసండీ, చదువుకున్నోళ్ళకి చెప్పటానికి” అన్నాడు. ఆయనను లోపలికి పిలిచి నా కుర్చీపక్కన నిలబెట్టాను. నా సంచిని విద్యార్థుల ఎదుట మళ్ళీ విప్పి, మొదటినుండి సర్దవలసిందిగా కోరాను.